భూమి వయస్సును చెప్పిన సీసం
ఒక భూరసాయన ప్రయోగశాల చరిత్ర

సీసమనగానే తెలుగు చదువుకొన్న విద్యార్థికి ముందుగా జ్ఞాపకం వచ్చేది శ్రీనాథుని పద్యం. ఉర్దూ చదువుకొన్న విద్యార్థికి ‘సీసా’ అంటే ఒక లోహం. అదే మాట తెలుగువాని చెవిని పడితే గాజుబుడ్డి స్ఫురిస్తుంది. ఒకే ఆవరణలో రెండు భాషలు వినిపించే మన కళాశాలలో ఈ చిన్న అయోమయం నవ్వు పుట్టించక మానదు. అయితే ఈ వ్యాసంలో ప్రస్తావించబోయేది పద్యమూ కాదు, బుడ్డీ కాదు. బరువుగా, మెత్తగా, బూడిద వన్నెతో ఉండే ఆ లోహమే. ఒకనాడు ముద్రణాలయాలలో తెలుగు అక్షరాలను పోతపోసింది ప్రధానంగా ఈ లోహంతోనే. ఉర్దూ పుటలు మాత్రం కాతిబుల చేతివ్రాతతో రాతి అచ్చున వెలువడేవి.

ఈ సామాన్య లోహం ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో రెండు మహత్తర సత్యాలను వెల్లడించింది. మనం నివసించే భూమి వయస్సు ఎంత అన్నది మొదటిది. ఆ భూమిని మానవుడు తన తెలివితక్కువతనంతో ఎంతగా కలుషితం చేశాడన్నది రెండవది. మొదటి సత్యం కోసం వెదకుతున్నవారికి రెండవది కోరకుండానే ఎదురైంది. ఆ వృత్తాంతాన్ని విద్యార్థి లోకానికి విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

భూరసాయన శాస్త్రం

భూమిలోను, సముద్రంలోను, వాయుమండలంలోను ఏ మూలకం ఎంత ఉన్నది, అది ఎక్కడ నుండి వచ్చింది, ఎక్కడకు పోతున్నది అని విచారించే శాస్త్రమే భూరసాయన శాస్త్రం. ఈ పేరును 1838లో బేసెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు షోన్‌బైన్ మొదట ప్రయోగించాడు. నార్వేలో పరిశోధనలు సాగించిన గోల్డ్‌ష్మిట్ ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధంలో దీనికి పటిష్ఠమైన పునాది వేశాడు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత, అణుశక్తి పరిశోధనలకై నిర్మించిన సున్నితమైన పరికరాలు విశ్వవిద్యాలయాలకు అందుబాటులోకి రావడంతో ఈ శాస్త్రం కొత్త బలం పుంజుకొన్నది.

అమెరికాలోని పాసడీనా నగరంలో కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థ ఉన్నది. దీనిని క్లుప్తంగా కాల్‌టెక్ అంటారు. హారిసన్ బ్రౌన్ అను ఆచార్యుడు 1951లో షికాగో విశ్వవిద్యాలయం నుండి అక్కడకు వచ్చి భూరసాయన పరిశోధనలను ఆరంభించాడు. ఆయన వెంట వచ్చిన యువకులలో క్లేర్ పాటర్సన్ ఒకడు. 1922లో అయోవా రాష్ట్రంలోని ఒక చిన్న ఊరిలో జన్మించిన పాటర్సన్, యుద్ధకాలంలో అణుబాంబు పథకంలో పనిచేశాడు. 1951లో షికాగోలో డాక్టరేటు పట్టం పొందాడు.

రాళ్ళలోని గడియారం

భూమి వయస్సును కొలవడానికి సీసం ఎట్లా ఉపకరిస్తుంది? యురేనియం అస్థిరమైన మూలకం. అది తనంతట తాను విచ్ఛిన్నమవుతూ, అనేక దశలు దాటి చివరకు సీసంగా మారుతుంది. ఈ మార్పు ఒక నిర్దిష్టమైన వేగంతో జరుగుతుంది. ఎండగాని, చలిగాని, ఒత్తిడిగాని దానిని త్వరపెట్టలేవు, ఆపలేవు. యురేనియం-238లో సగభాగం సీసం-206గా మారడానికి సుమారు 447 కోట్ల సంవత్సరాలు పడుతుంది. యురేనియం-235లో సగభాగం సీసం-207గా మారడానికి సుమారు 70 కోట్ల సంవత్సరాలు చాలు. సీసంలోనే మరొక రకం, సీసం-204, ఏ మూలకం విచ్ఛిన్నం కావడం వల్లను పుట్టదు. సృష్టి ఆదిలో ఎంత ఉన్నదో నేటికీ అంతే ఉన్నది. కనుక 204తో పోల్చినప్పుడు 206, 207 రకాలు ఎంత పెరిగినవో తెలిస్తే, గడచిన కాలమెంతో లెక్క కట్టవచ్చు.

చెప్పడానికి ఇది సులభమే; చిక్కు వేరొకటి ఉన్నది. లెక్క ఆరంభించాలంటే, భూమి పుట్టిన నాడు సీసం ఏ పాళ్ళలో ఉండినదో తెలియాలి. భూమి మీది రాళ్ళు కరగి, అరగి, మరల మరల రూపు మారినందువల్ల ఆ ఆది పాళ్ళు వాటిలో నిలువలేదు. 1940ల నాటికి ఆర్థర్ హోమ్స్ వంటి పండితులు భూమి వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరాలకు పైబడి ఉంటుందని అంచనా వేశారు. ఆ అంచనాను నిర్ధారించే ఆధారం మాత్రం భూమి మీద దొరకలేదు.

దానిని ఆకాశమే అందించింది. భూమితోపాటు పుట్టి, నాటినుండి మార్పు చెందక తిరుగుతుండిన శకలాలే ఉల్కలు. అరిజోనా ఎడారిలో కేన్యన్ డయాబ్లో అనే ఇనుప ఉల్క ఒకటి పడి పెద్ద గుంటను త్రవ్వింది. ఆ ఇనుములో ట్రాయిలైట్ అనే ఇనుము-గంధకం సమ్మేళనం గడ్డలుగా ఉన్నది. అందులో సీసం కొద్దిగా ఉన్నది; యురేనియం దాదాపు లేదు. యురేనియం లేనిచోట కొత్త సీసం పుట్టదు. కాబట్టి ఆ గడ్డలోని సీసమే ఆది సీసం.

పాటర్సన్ ఆ సీసాన్ని వేరుచేసి, 1953లో షికాగో సమీపంలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలకు తీసుకొనిపోయి, అక్కడి ద్రవ్యరాశి వర్ణపటమాపకంలో కొలిచాడు. ఫలితం చూచిన సంతోషంతో గుండె దడదడలాడగా, ఆయన అయోవాలోని తల్లి వద్దకు పోయి, తనకు గుండెపోటు వచ్చినట్లున్నది, ఆస్పత్రికి తీసుకుపొమ్మని కోరినట్లు తరువాతి కాలంలో చెప్పుకొన్నాడు. 1956లో తుది వ్యాసం ప్రకటితమైంది. మూడు రాతి ఉల్కల సీసం, రెండు ఇనుప ఉల్కల సీసం గ్రాఫు మీద ఒకే సరళరేఖపై నిలిచాయి. మహాసముద్ర గర్భంలోని బురదనుండి తీసిన భూలోకపు సీసం సైతం అదే రేఖపై నిలిచింది. ఉల్కలూ భూమీ ఒకే కుటుంబానికి చెందినవని, వాటి వయస్సు 455 కోట్ల సంవత్సరాలని, ఇందులో 7 కోట్ల మేరకు హెచ్చుతగ్గులు ఉండవచ్చునని తేలింది. నాటి నుండి పరికరాలు ఎన్నో రెట్లు మెరుగుపడినా, ఈ సంఖ్యను త్రోసిపుచ్చవలసిన అవసరం నేటివరకు కలుగలేదు.

శుభ్రత అనే తపస్సు

ఈ విజయం వెనుక ఉన్న శ్రమను తెలుసుకొనడం విద్యార్థులకు మరింత ఉపయోగకరం. షికాగోలో విద్యార్థిగా ఉన్నప్పుడే పాటర్సన్‌కు ఒక వింత ఎదురైంది. జిర్కాన్ అనే చిన్న స్ఫటికాలలోని సీసాన్ని ఆయన కొలవవలసి ఉండగా, సహాధ్యాయి జార్జి టిల్టన్ యురేనియాన్ని కొలిచేవాడు. టిల్టన్ ఫలితాలు సక్రమంగా వస్తుండగా, పాటర్సన్‌కు మాత్రం ఉండవలసిన దానికంటె ఎన్నో రెట్లు అధికంగా సీసం కనబడేది. వేరొకడైతే పరికరాన్ని నిందించి ఊరుకొనేవాడేమో! ఆయన ఆ అదనపు సీసం ఎక్కడిదని ప్రశ్నించాడు. నీటిలో ఉన్నది. ఆమ్లాలలో ఉన్నది. గాజు పాత్రలలో ఉన్నది. గాలిలోని ధూళిలో ఉన్నది. చివరకు తన జుట్టులో, చర్మంలో, దుస్తులలో ఉన్నది.

కాల్‌టెక్‌కు వచ్చిన తరువాత ఆయన తన ప్రయోగశాలను ఒక దేవాలయం వలె కాపాడాడు. వడగట్టిన గాలిని లోనికి పంపి, లోపలి ఒత్తిడిని బయటికంటె కొంచెం ఎక్కువగా ఉంచేవాడు. తలుపు తీసినపుడు గాలి బయటకు పోవడమే గాని ధూళి లోనికి రాదు. నీటిని, ఆమ్లాలను పదేపదే శుద్ధి చేసేవారు. పాత్రలను ఆమ్లంలో నానబెట్టేవారు. పనివారు ప్రత్యేక దుస్తులు ధరించేవారు. ఇదంతా చేసిన తరువాత కూడా, నమూనా ఏమీ వేయకుండా ప్రయోగమంతా జరిపి, అప్పుడు ఎంత సీసం కనబడుతుందో కొలిచి, దానిని లెక్కలో మినహాయించేవారు. మన రసాయనశాలలో ‘బ్లాంక్’ అని పిలిచే ఖాళీ పరీక్ష ఇదే. నేడు సూక్ష్మ పరిమాణాలను కొలిచే ప్రతి ప్రయోగశాలా పాటర్సన్ చూపిన మార్గంలోనే నడుస్తున్నది.

సముద్రమూ మంచూ ఇచ్చిన సాక్ష్యం

భూమి వయస్సు తేలిన తరువాత పాటర్సన్ విశ్రమించవచ్చును. అయితే తనను అంతగా వేధించిన ఆ అదనపు సీసం ఎక్కడిదన్న ప్రశ్న ఆయనను వదలలేదు. 1963లో టట్సుమోటో అనే సహచరునితో కలిసి సముద్రజలాలను పరీక్షించిన ఫలితాలను ప్రకటించాడు. అడుగున ఉన్న నీటిలో కంటె ఉపరితలపు నీటిలో సీసం ఎంతో అధికంగా ఉన్నది. లోతు నీరు పైకి రావడానికి వందల సంవత్సరాలు పడుతుంది. కాబట్టి పైనున్న సీసం ఇటీవలి కాలంలో, పైనుండే వచ్చి పడిందన్నమాట.

దానిని చల్లుతున్నది మోటారు వాహనమే. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్లీ, పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనాన్ని కలిపితే ఇంజను కొట్టుకొనే శబ్దం తగ్గుతుందని కనుగొన్నాడు. 1923లో అట్టి పెట్రోలు అమ్మకానికి వచ్చింది. 1924లోనే దానిని తయారుచేసే చోట కార్మికులు మతి చలించి మరణించారు. అయినా వాడకం ఆగలేదు; ప్రపంచమంతటా వ్యాపించింది. ప్రతి వాహనమూ తన పొగతో సీసాన్ని వీధులలో వెదజల్లసాగింది.

సముద్రం చెప్పినది చాలదన్నట్లు, పాటర్సన్ బృందం గ్రీన్‌లాండ్ మంచును ఆశ్రయించింది. అక్కడ ఏటేటా కురిసిన మంచు పొరలు పొరలుగా పేరుకొని, పాత దస్తావేజుల కట్ట వలె భద్రంగా ఉన్నది. ప్లాస్టిక్ దుస్తులు, తొడుగులు ధరించి, శుద్ధిచేసిన పనిముట్లతో ఆ మంచును కోసి తెచ్చారు. 1969లో వెలువడిన ఫలితం ఆశ్చర్యకరం: క్రీస్తుపూర్వం 800 నాటి మంచుతో పోల్చితే, 1965 నాటి మంచులో సీసం 200 రెట్లకు మించి ఉన్నది. ఆ పెరుగుదలలో అతి తీవ్రమైన భాగం 1940 తరువాతనే జరిగింది.

సహజమా, సర్వసాధారణమా?

ఈ వృత్తాంతంలో నాకు అన్నింటికంటె విలువైనదిగా తోచిన విషయం ఇక్కడ ఉన్నది. పరిశ్రమల ధనసహాయంతో పనిచేసిన డాక్టర్ రాబర్ట్ కేహో అనే వైద్యుడు దశాబ్దాల పాటు ఒక వాదాన్ని వినిపించాడు. సీసం ప్రతి మనిషి శరీరంలోను ఉన్నది; కార్ఖానాలకు దూరంగా, మెక్సికో పల్లెలలో ఉన్న రైతుల శరీరంలో కూడా ఉన్నది; కాబట్టి అది సహజమే; ఒక హద్దు దాటనంతవరకు హాని లేదు. ఈ వాదం పైకి సమంజసంగానే కనబడుతుంది. ఆ పల్లెవాసులు భుజించిన మట్టి పాత్రలకు పూసిన మెరుగులో సీసం ఉన్నదన్న విషయం మాత్రం అందులో మరుగున పడింది.

1965లో ప్రకటించిన సుదీర్ఘ వ్యాసంలో పాటర్సన్ ఈ వాదాన్ని మూలంలోనే ఖండించాడు. అందరిలోను కనబడేది సర్వసాధారణం. అది సహజం కానక్కరలేదు. ఊరందరికీ జ్వరం వచ్చినంత మాత్రాన జ్వరమే ఆరోగ్యమవుతుందా? సహజమైన సీసం ఎంతో తెలియాలంటే, కలుషితం కాని శిలలను, లోతు సముద్రాలను, ప్రాచీనుల అస్థికలను అడగాలి. తరువాతి కాలంలో ఆయన బృందం 1,600 ఏండ్ల నాటి పెరూ దేశస్థుల ఎముకలను పరీక్షించి, ఆధునిక అమెరికావాసుల ఎముకలలో సీసం వాటికంటె వందల రెట్లు ఎక్కువగా ఉన్నదని 1979లో ప్రకటించింది. 1980లో డొరొతీ సెటిల్ అనే సహచరితో కలిసి ట్యూనా చేపను పరీక్షించాడు. సీసంతో మాటువేసిన డబ్బాలోని చేపలో, సముద్రం నుండి తీసిన తాజా చేపలో కంటె వేల రెట్లు అధికంగా సీసం బయటపడింది. తాజా చేపలోని స్వల్ప పరిమాణాన్ని ఇతర ప్రయోగశాలలు సరిగా కొలవలేకపోయాయి. వాటి గదుల ధూళిలోని సీసమే వాటి ఫలితాలలో చేరింది!

సత్యాన్ని చెప్పినందుకు మూల్యం కూడా చెల్లించవలసి వచ్చింది. ఆయన పరిశోధనలకు చమురు పరిశ్రమల సంఘం నుండి అందుతుండిన సహాయం ఆగిపోయింది. ప్రభుత్వ ప్రజారోగ్య శాఖ ఒప్పందం పునరుద్ధరించబడలేదు. 1966లో సెనేటర్ మస్కీ అధ్యక్షత వహించిన ఉపసంఘం ఎదుట సాక్ష్యమిచ్చాడు. 1971లో వాయుమండలంలోని సీసంపై జాతీయ పరిశోధన మండలి నివేదిక వెలువరించినపుడు, ఆ విషయంలో అందరికంటె ఎక్కువ తెలిసిన పాటర్సన్‌కు ఆ సంఘంలో స్థానం దొరకలేదు. మరి కొన్నేండ్లకు మరొక సంఘంలో స్థానమిచ్చినపుడు, అధిక సంఖ్యాకుల నివేదిక మెత్తగా ఉన్నదని భావించి, తన భిన్నాభిప్రాయాన్ని వేరుగా సుదీర్ఘంగా వ్రాసి జతపరిచాడు.

అంతిమ ఫలితం

సత్యం నెమ్మదిగానైనా నెగ్గింది. 1970లలో అమెరికా ప్రభుత్వం పెట్రోలులో సీసాన్ని దశలవారీగా తగ్గించనారంభించింది. 1976-80 మధ్య అమెరికా ప్రజల ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో సగటున 12.8 మైక్రోగ్రాముల సీసం ఉండేది. 1988-91 నాటికి అది 2.8 మైక్రోగ్రాములకు దిగింది. ఈ లోహం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుందన్నది నేడు నిర్వివాదాంశం. ఇంతవరకు ప్రమాదరహితమని చెప్పదగిన హద్దు ఏదీ లేదని వైద్యులు అంగీకరిస్తున్నారు. పాటర్సన్ 1995 డిసెంబరు 5న మరణించాడు. 1996 జనవరి 1 నుండి అమెరికా రహదారులపై తిరిగే వాహనాలకు సీసపు పెట్రోలు పూర్తిగా నిషేధింపబడింది. నెల తిరగకముందే వచ్చిన ఆ దినాన్ని ఆయన చూడలేకపోయాడు.

భారతదేశంలో 1995లో మహానగరాలలో సీసరహిత పెట్రోలు ప్రవేశించగా, 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా అదే అమలులోకి వచ్చింది. ప్రపంచంలో చివరగా అల్జీరియా 2021లో సీసపు పెట్రోలును విడిచిపెట్టింది. ఒక శాస్త్రజ్ఞుడు తన గదిలోని ధూళిని అనుమానించడంతో ఆరంభమైన ప్రయాణం అట్లా ముగిసింది.

ఇతర పరిశోధకులు

కాల్‌టెక్ భూరసాయన విభాగం ఒక్క వ్యక్తితో నిండినది కాదు. శామ్యూల్ ఎప్‌స్టైన్ ఆక్సిజన్ ఐసోటోపులను కొలిచి, సముద్రజీవుల గవ్వల సహాయంతో ప్రాచీన సముద్రాల ఉష్ణోగ్రతను తెలుసుకొనే పద్ధతికి ప్రాణం పోశాడు. జెరాల్డ్ వాసర్‌బర్గ్ తన ప్రయోగశాలకు చమత్కారంగా ‘పిచ్చాసుపత్రి’ అని పేరు పెట్టుకొన్నాడు. ఆంగ్లంలో పిచ్చివానిని సూచించే పదానికి చంద్రునితో సంబంధం ఉండడమే అందులోని శ్లేష. 1969లో అపోలో-11 వ్యోమగాములు తెచ్చిన చంద్రశిలలను ఆయన బృందం పరీక్షించింది. సుమారు 390 కోట్ల సంవత్సరాల క్రితం చంద్రునిపై ఉల్కల వర్షం ముమ్మరంగా కురిసిందని 1974లో ఆ బృందం ప్రతిపాదించగా, ఆ విషయంపై చర్చ నేటికీ సాగుతున్నది. వాసర్‌బర్గ్‌కు 1986లో క్రాఫోర్డ్ బహుమతి లభించింది. పాటర్సన్‌కు 1980లో గోల్డ్‌ష్మిట్ పతకం, 1995లో టైలర్ బహుమతి లభించాయి.

మనకు సంబంధించిన మాట

ఇదంతా సముద్రాల కావల జరిగిన కథ అని అనుకొనరాదు. హైదరాబాదులో 1961లో స్థాపించిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో భూరసాయన ప్రయోగశాలలు పనిచేస్తున్నాయి. గుంటూరు సీమలోని అగ్నిగుండాల ప్రాంతంలో సీసపు ఖనిజాన్ని త్రవ్వితీసిన కాలం ఉన్నది. తెలుగుదేశపు రాళ్ళు మరొక పాఠం కూడా చెబుతాయి. నల్గొండ జిల్లాలోని గ్రానైటు శిలల నుండి ఫ్లోరైడు బావినీటిలోకి దిగి, తరాల తరబడి ప్రజల ఎముకలను వంచింది. మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు ప్రాంతంలో ఈ వ్యాధిని 1937లోనే వైద్యులు వర్ణించారు. పటిక, సున్నం కలిపి నీటి నుండి ఫ్లోరైడును తొలగించే విధానానికి ‘నల్గొండ పద్ధతి’ అనే పేరే స్థిరపడింది. సీసం విషయంలో సర్వసాధారణమైనది సహజం కాదని తెలిస్తే, ఫ్లోరైడు విషయంలో సహజమైనదంతా క్షేమకరం కాదని తెలుస్తున్నది. కొలిచి చూడనిదే రెండింటిలో దేనినీ నమ్మరాదు.

ఇంట్లో కూడా ఈ విచారణ అవసరమే. సుర్మా పేర బజారులో అమ్మే కొన్ని పొడులలో సీసపు సల్ఫైడు అధికంగా ఉన్నట్లు పరీక్షలలో తేలింది. పసిపిల్లల కన్నులకు దిద్దే ముందు తల్లులు ఈ సంగతి తెలుసుకొనడం మంచిది. రాగి, ఇత్తడి పాత్రలకు వేసే కళాయిలో శుద్ధమైన తగరానికి బదులు సీసం కలిస్తే అది ఆహారంలోకి దిగుతుంది. ఇంటి రంగులలో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళను మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నుండి అమలులో ఉన్నది. అంతకు ముందు వేసిన రంగులు పాత తలుపులపై నేటికీ పెచ్చులూడుతూనే ఉన్నాయి. పాత బ్యాటరీలను ఇండ్ల నడుమ కరిగించే చోట ప్రమాదం ఇంకా ఎక్కువ.

విద్యార్థి మిత్రులారా! మీరు ప్రయోగశాలలో అంశమాపనం చేసేటప్పుడు, పుస్తకంలోని జవాబుకు సరిపడేటట్లు అంకెను దిద్దుకొనవలెనన్న ఆశ కలగడం సహజం. పాటర్సన్ తన తప్పు అంకెను దిద్దలేదు, దానిని విచారించాడు. ఆ తప్పు అంకెలోనే కోట్లాది పసిపిల్లల క్షేమం దాగి ఉన్నదని అప్పుడు ఎవరికి తెలుసు? ఖాళీ పరీక్ష చేయడాన్ని కాలవ్యర్థమని తలచకండి.

కళాశాల కార్యవర్గ సభ్యులకు కూడా ఒక మనవి. గొప్ప పరికరాలు కొనే స్తోమత చిన్న కళాశాలలకు ఉండకపోవచ్చు. కాని చక్కని స్వేదనజల యంత్రం, నమ్మదగిన త్రాసు, కడిగిన గాజుపాత్రలు, ధూళి లేని బల్ల అంత దుర్లభమైనవి కావు. విద్యార్థులు తమ ఇండ్లలోని బావినీటిని, కుళాయి నీటిని తెచ్చి తామే పరీక్షించే ఏర్పాటు ఏడాదికొకసారి జరిగినా చాలు. మనం త్రాగే నీటిలో ఏమున్నదో మన పిల్లలే కొలిచి చెప్పగలిగిన నాడు, పాసడీనా ప్రయోగశాల చరిత్రను చదివినందుకు సార్థకత చేకూరుతుంది.